స్థిరాంకాలకూ సాక్ష్యం కావాలి

భౌతికశాస్త్రపు స్థిరాంకాలు మారవన్నది తర్కంతో తేలే సత్యం కాదు. ఆధారాలు చూసి ఇచ్చిన తీర్పు అది, కొత్త ఆధారం దొరికితే తిరగదోడవలసిన తీర్పు. పాఠ్యపుస్తకం చివరి పట్టిక చూస్తే ఈ సంగతి తట్టదు. 1937లో పాల్ డిరాక్, విశ్వం వయసు పెరిగేకొద్దీ గురుత్వ స్థిరాంకం తగ్గుతోందేమోనన్నాడు. అదే నిజమైతే పూర్వం సూర్యుడు మరింత తీక్ష్ణంగా మండి, భూమ్మీద సముద్రాలు మరిగిపోయి ఉండాలని 1948లో ఎడ్వర్డ్ టెల్లర్ లెక్కగట్టాడు. అపోలో యాత్రికులు చంద్రుడి మీద ఉంచివచ్చిన అద్దాలకు లేజర్ కాంతి పంపి దశాబ్దాలుగా దూరం కొలుస్తున్నా, డిరాక్ అన్నంత తగ్గుదల కనబడలేదు.

అసలు కొలబద్ద కూడా మారిపోతుంటే మార్పు తెలిసేదెలా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1983 నుంచి మీటరును కాంతివేగంతోనే నిర్వచిస్తున్నాం కాబట్టి, కాంతివేగం మారిందా అని మీటర్లలో అడగడానికి అర్థం లేదు. అందుకే పరీక్ష వట్టి సంఖ్యల మీద జరగాలి. విద్యుదయస్కాంత బలం ఎంతటిదో చెప్పే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం అలాంటిది. దాని విలువ దాదాపు 137లో ఒక వంతు, ఏ ప్రమాణంతో కొలిచినా అంతే.

ఈ స్థిరాంకం మారిందా లేదా అన్నదానికి దొరికిన సాక్షుల్లో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది ఆఫ్రికాలోని గాబన్ దేశపు ఓక్లో గని. అక్కడి యురేనియంలో 235 రకం ఉండవలసినదానికన్నా కాస్త తక్కువగా ఉందని 1972లో ఫ్రెంచి వాళ్లు గమనించారు. సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట, భూగర్భజలం న్యూట్రాన్ల వేగం తగ్గించగా, అక్కడ అణు రియాక్టర్ తనంతట తానే నడిచిందని తేలింది. ఆ ఖనిజంలోని సమేరియం 149 అనే పరమాణువు న్యూట్రాన్లను అమితంగా మింగుతుంది. న్యూట్రాన్, కేంద్రకాల శక్తి విలువలు వెంట్రుకవాసిలో కలిసిరావడమే అందుకు కారణం. సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం ఆనాడు కొంచెం వేరుగా ఉన్నా ఆ పొత్తు చెడి, సమేరియం ఖర్చు కాకుండా మిగిలేది. ఖనిజంలో అది మిగల్లేదు. 1976లో భౌతికశాస్త్రవేత్త ష్ల్యాక్టర్ మొదలుపెట్టిన ఈ లెక్కను తరవాతివారు సరిచూసి, మార్పు ఉన్నా కోటిలో ఒక వంతు స్థాయిని మించదన్నారు.

ఈ లెక్కకు కేంద్రక బలం మారలేదని ముందే అనుకోవాలి కదా అన్న ఆక్షేపణ ఉంది. ఒప్పుకోవలసిందే. రెండూ మారి, ఒకదాన్నొకటి సరిగ్గా కప్పిపుచ్చుకుని ఉండవచ్చు. కాబట్టి వేరే రకం సాక్షి కావాలి. దూరపు క్వేజార్ల కాంతిని హవాయిలోని కెక్ టెలిస్కోపుతో పరిశీలించిన జాన్ వెబ్ బృందం, పూర్వం స్థిరాంకం లక్షలో అర వంతు తక్కువని 1999 నుంచి వాదించింది. చిలీలోని టెలిస్కోపు లెక్కలు చేర్చితే, ఆకాశంలో మరోవైపు ఎక్కువని వచ్చింది. ఎవరూ నవ్వి కొట్టిపారేయలేదు. గ్రహశకలాల మీద పడి వచ్చే సూర్యకాంతితో పరికరాలను పరీక్షించినప్పుడు తరంగదైర్ఘ్యాల కొలతలోనే వంకర బయటపడింది. ఆ ఫలితం రావడానికి అంత వంకర చాలు.

ఎప్పుడు చూసినా సున్నా వచ్చే ఈ పనికి ఇంత శ్రమ దేనికి అంటారు కొందరు. ఎంత వరకు సున్నా అన్నదే ఇక్కడ ఫలితం. మార్పును ఊహించే ప్రతి సిద్ధాంతమూ ఆ హద్దు లోపల ఇమడాలి, లేదా తప్పుకోవాలి. 2008లో అమెరికాలోని బౌల్డర్‌లో అల్యూమినియం, పాదరసం అయాన్ల గడియారాలను దాదాపు ఏడాది పోల్చి చూశారు. సూక్ష్మ నిర్మాణ స్థిరాంకంలో ఏటా వెయ్యి కోటి కోట్లలో కొద్ది వంతులకు మించి మార్పు వారికి కనబడలేదు.