హెంప్ బట్టను ధమ్మం ఏమని అడుగుతుంది?



ఫ్యాషన్ కంపెనీలు ఇప్పుడు హెంప్ బట్టను భూమికి మేలు చేసే బట్ట అని చెప్పి అమ్ముతున్నాయి. హెంప్ అంటే గంజాయి జాతి మొక్క కాడ నుంచి తీసే నార. ఈ మాట వినగానే మనలో చాలామందికి ఒక సందేహం వస్తుంది. పంచశీల తీసుకున్నవాళ్ళం, మత్తుకు దూరంగా ఉంటామని మాట ఇచ్చినవాళ్ళం, ఆ మొక్క బట్ట కట్టుకోవచ్చా? గంజాయి వల్ల పేటల్లో కుర్రవాళ్ళ బతుకులు ఎట్లా పాడవుతున్నాయో చూస్తున్నాం కాబట్టి ఈ సందేహం న్యాయమైందే.

దీనికి జవాబు కష్టమేమీ కాదు. నార కోసం పండించే రకాల్లో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం చాలా తక్కువ. అది 0.3 శాతం దాటకూడదని అనేక దేశాల్లో నిబంధన ఉంది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని నిషేధిస్తూనే, నార కోసం, విత్తనాల కోసం ఆ మొక్కను ప్రభుత్వ అనుమతితో పెంచడానికి 14వ సెక్షన్‌లో దారి ఉంచింది. 2018లో ఉత్తరాఖండ్ ప్రభుత్వం అట్లా మొదటి లైసెన్సు ఇచ్చింది. తాటిచెట్టు నుంచి కల్లు వస్తుంది. అంతమాత్రాన తాటాకు ఇంట్లో కాపురం చేసినవాళ్ళు శీలం తప్పారని ఎవరైనా అంటారా? ఐదో శీలం మనసును మసకబార్చే మత్తును వద్దంటుంది, మొక్కను కాదు. వినయ పిటకంలోని మహావగ్గంలో భగవానుడు భిక్షువుల చీవరాలకు ఆరు రకాల బట్టలను అనుమతించాడు. అవిసెనార, పత్తి, పట్టు, ఉన్ని, వాటితోపాటు సాణం, భంగం. ఈ చివరి రెండూ జనుము, భంగి జాతి మొక్కల ముతక నారబట్టలని సాధారణంగా అర్థం చెప్తారు. అంటే నారబట్ట మన సంఘానికి పాత చుట్టమే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఈ బట్ట మంచిదని అంటున్నారు. ఎవరికి మంచిది?

మొక్క వరకు చూస్తే వాళ్ళు చెప్పేదాంట్లో చాలా నిజం ఉంది. హెంప్ మూడు నాలుగు నెలల్లో మనిషిని మించి పెరుగుతుంది. ఒత్తుగా పెరిగి కలుపును లేవనివ్వదు. పత్తికి కొట్టినన్ని పురుగుమందులు దానికి అక్కర్లేదు, నీళ్ళూ తక్కువే. పత్తి సంగతి తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా? 1997-98లో పురుగు పట్టి పత్తి పోతే, అప్పు తీర్చే దారిలేక వరంగల్ ప్రాంతంలో రైతులు ఆ పురుగుమందే తాగి చనిపోయారు. ఉపాసకులు చెయ్యకూడని ఐదు వ్యాపారాల్లో విషం అమ్మడం ఒకటని బుద్ధుడు చెప్పాడు. విషం తక్కువ పట్టే పంటను మనం తప్పకుండా ఆహ్వానించాలి.

కానీ మొక్క దానంతట అదే చొక్కా అవ్వదు. కాడల్ని ఊరబెట్టాలి, నార ఒలవాలి, దువ్వాలి, వడకాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగునార తీసినవాళ్ళకు ఈ పని తెలుసు. నడుములోతు మురుగునీళ్ళలో నిలబడి, కుళ్ళిన కట్టెల వాసన పీలుస్తూ నార ఒలవాలి. హెంప్‌ను కూడా పాతకాలం నుంచి ఇట్లా నీళ్ళలోనో, మంచుకు పొలంలోనో ఊరబెట్టి తీస్తున్నారు. మిల్లులో ఆ నార దుమ్ము పీల్చేవాళ్ళకు పత్తి మిల్లు కార్మికులకు వచ్చే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బే వస్తుంది. నార మొరటుగా ఉంటుంది కాబట్టి దాన్ని పత్తిలా మెత్తబరచడానికి మళ్ళీ వేరే ప్రక్రియలు కావాలి. 2019లో లీవైస్ కంపెనీ తెచ్చిన హెంప్ దుస్తుల్లో కూడా అట్లా మెత్తబరిచిన నారను పత్తితో కలిపే నేశారు. ఇదంతా తప్పని కాదు. ‘ప్రకృతి బట్ట’ అన్న చీటీ మీద ఈ చేతులేవీ కనపడవు, అంతే. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్ళు కుట్టిన బట్ట ఏ మొక్కదైతే ఏంటి, ఆ చావును అది ఆపగలిగేదా?

ఇంకో సంగతి ఉంది. అది మనవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది. ఉత్తరాఖండ్ కొండల్లో హెంప్ నారతో భంగేలా అనే ముతక బట్ట నేసుకునేవారు. అది పేదల బట్ట, గోనెసంచుల బట్ట. ఈ పంట వెయ్యడాన్ని అక్కడి బ్రాహ్మణులు, రాజపుత్రులు అవమానంగా చూసేవారని, కింది కులాలుగా లెక్కగట్టినవాళ్ళే దాన్ని పండించేవారని 19వ శతాబ్దపు బ్రిటిష్ రికార్డులు చెప్తున్నాయి. నీ ఇంట్లో భంగి మొలవ అన్నది అక్కడ ఒక తిట్టు. ఇవాళ అదే నార పెద్ద నగరాల షాపుల్లో ఖరీదైన చొక్కా అయ్యింది. నార మారలేదు. కట్టుకునే ఒళ్ళు మారింది, దాంతో గౌరవమూ మారింది.

బట్టతో మనిషిని కొలవడం ఈ దేశంలో ఎంత పాతదో మనకు తెలుసు. చండాలురు చచ్చినవాళ్ళ బట్టలు కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. బుద్ధుడి సంఘంలో ఏం జరిగింది? భిక్షువులు శ్మశానంలో పడేసిన బట్టను, చెత్తకుప్పలో పీలికలను ఏరుకుని, ఉతికి, కుట్టి, రంగు వేసి చీవరం చేసుకున్నారు. దాన్నే పంసుకూలం అంటారు. ఆ బట్ట ముందు రాజులు తలవంచారు. ఒకే శవం మీది బట్ట ఒక ధర్మంలో శిక్ష అయ్యింది, మన ధమ్మంలో గౌరవం అయ్యింది. శుద్ధి, మైల అనేవి గుడ్డలో లేవని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు?

అయితే పంసుకూలాన్ని భిక్షువు ఇష్టపడి ఎంచుకున్నాడు. దేవదత్తుడు వచ్చి, భిక్షువులందరూ బతికినంతకాలం పీలికల చీవరమే కట్టాలని నియమం పెట్టమన్నప్పుడు భగవానుడు ఒప్పుకోలేదు. కావాలన్నవాళ్ళు అది కట్టుకోవచ్చు, గృహస్థులు ఇచ్చిన మంచి బట్టా తీసుకోవచ్చు అన్నాడు. బాబాసాహెబ్‌ది ఇదే దారి. 1927 డిసెంబరులో మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టిన ఆ సభల సందర్భంలోనే, కులాన్ని పట్టిచ్చే తీరు చీరకట్టు మానమని ఆడవాళ్ళకు చెప్పాడు. మతం పేదరికాన్ని పవిత్రం చెయ్యకూడదని 1950లో మహాబోధి పత్రికలో రాశాడు. కాబట్టి ముతక బట్ట కట్టండి, భూమిని కాపాడండి అని ఎవరైనా మన పేటకొచ్చి బోధిస్తే, మా తాతలకు ముతక బట్ట తప్ప వేరేది కట్టే హక్కు ఎందుకు లేకుండా పోయిందని ముందు అడగాలి. తర్వాత, మనకు నచ్చితే కట్టుకోవాలి. భూమి మనది కూడా.

హెంప్ బట్ట చేతికొస్తే ధమ్మం ఏమని అడుగుతుంది? ఈ నార పండించినవాడికి గిట్టుబాటు అయ్యిందా? ఊరబెట్టి ఒలిచినవాళ్ళకు, వడికినవాళ్ళకు, కుట్టినవాళ్ళకు కూలి, ఆరోగ్యం దక్కాయా? తరతరాలుగా ఆ పని తెలిసి, ఆ పని వల్లే చిన్నచూపు పడ్డవాళ్ళకు ఈ కొత్త లాభంలో వాటా ఉందా? వీటికి అవునని జవాబు వస్తే అది సమ్మా ఆజీవంలో పుట్టిన బట్ట. రాకపోతే ఎంత పచ్చని మొక్కదైనా అది ఒట్టి సరుకే. మన యువకులు నేత, కుట్టు సహకార సంఘాలు పెట్టేటప్పుడు, మన సంఘాలు బ్యానర్లు, సంచులు కొనేటప్పుడు ఈ మూడూ అడగడం అలవాటు చేసుకోవాలి.

చివరగా ఆనందుడి మాట ఒకటి. ఉదేన రాజు రాణులు ఆనందుడికి 500 చీవరాలు దానం చేశారు. ఇన్ని ఏం చేస్తావని రాజు అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవి? పరుపు మీద దుప్పట్లు చేస్తాం. అవి పాతబడితే? పరుపు గలేబులు, తర్వాత నేల మీద పరిచే పట్టాలు, తర్వాత కాళ్ళు తుడుచుకునే గుడ్డలు, తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. అవీ చిరిగితే మట్టిలో కలిపి నేల మెత్తుతాం అన్నాడు. ఏడాదికి నాలుగుసార్లు ఫ్యాషన్ మార్చి, కట్టని బట్టను కుప్పలుగా పారేసే పరిశ్రమకు మొక్క మార్చినంత మాత్రాన ఈ బుద్ధి రాదు. మన అమ్మలకు వచ్చు. పాత చీర బొంత అవుతుంది, బొంత పాతబడితే మసిగుడ్డ అవుతుంది. లేమి వల్ల నేర్చుకున్న ఆ పొదుపును, ఇప్పుడు తెలిసి, ఇష్టపడి, తలెత్తుకుని చేద్దాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.