శిక్షకు వెల

గుంతకల్లునుండి బళ్ళారికి వచ్చు రైలులో సరుకుమూట పోయినయెడల "దొంగకు శిక్ష పెంచవలె"నని వర్తకులము అందఱము అందుము. ప్రభుత్వము పెంచినది కూడ. మొదటిసారి చేసిన సామాన్యమైన దొంగతనమునకు గరిష్ఠశిక్ష 3 ఏండ్లు. బండ్లనుండి సొత్తు దొంగిలించినవానికి మాత్రము 7 ఏండ్లవఱకు విధింపవచ్చునని 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 305వ సెక్షను చెప్పుచున్నది.

ఈ ఏండ్లకు వెల ఎవరు చెల్లింతురు? జైలు కూడు, కాపలా, కోర్టు ఖర్చు మన పన్నులనుండియే వచ్చును. 2022 చివర దేశమందలి ఖైదీలలో నూటికి 75 మందికి పైగా విచారణ ముగియనివారే. శిక్ష పెరిగినంతమాత్రమున దొంగ చిక్కడు, విచారణ త్వరపడదు. శిక్ష కఠినమగుటకంటె తప్పక పడునన్న భయమే దొంగను ఆపునని ఇటలీ పండితుడు బెక్కరియా 1764లోనే వ్రాసెను. ఆ ధనమును రాత్రిబండ్ల కాపలాకు వెచ్చించిన మేలు గదా!

మరి, దొంగసొత్తు కొనువాడు లేనిచో దొంగకు లాభమేమి? తత్త్వార్థసూత్రము దొంగ తెచ్చినదానిని గ్రహించుటను అచౌర్యవ్రతమునకు అతిచారముగ నెంచినది. మితిమీరి చౌకగా వచ్చిన సరుకునకు బిల్లు అడుగుట మన అంగడిలోనే చేయదగిన పని. దానికి ప్రజాధనము కాసైన అక్కఱలేదు.

శిక్ష వలదని కాదు. లెక్క చూడనిదే బేరము చేయని మనము ఈ బేరమునకును లెక్క చూడవలెనని మనవి.