పిలుపుకు కాచుకున్న విరామం విరామమేనా?

ప్రాణాపాయంలో ఉన్న మనిషిని ఆదుకోవడం తక్కిన విధులన్నిటినీ పక్కకు నెడుతుందని ధర్మచింతన చాలా చోట్ల అంగీకరించింది. ఆదుకునేవారి ఆకలినీ అలసటనూ కూడా అలాగే పక్కకు నెట్టవచ్చునా, నెట్టవచ్చునంటే ఎంత మేరకు అన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు. కాలిఫోర్నియాలో ప్రైవేటు అంబులెన్సు సిబ్బంది విరామాలపై రేగిన వివాదం దానిని నేరుగా ఓటర్ల ముందు నిలిపింది.

ఆ రాష్ట్ర కార్మిక నిబంధనల ప్రకారం ఐదు గంటలకు మించి పనిచేసే ఉద్యోగికి అరగంట భోజన విరామమూ, ప్రతి నాలుగు గంటల పనికి పది నిమిషాల విశ్రాంతీ దక్కాలి. 2016 డిసెంబరులో సెక్యూరిటీ గార్డుల దావాలో రాష్ట్ర సుప్రీంకోర్టు, రేడియోనో పేజరునో దగ్గర ఉంచుకుని పిలుపుకు సిద్ధంగా ఉండడం విశ్రాంతి కాదనీ, ఆ పది నిమిషాలూ ఉద్యోగి యజమాని అదుపు నుంచి పూర్తిగా విడివడాలనీ తీర్పు చెప్పింది. ఈ తర్కం తమకూ వర్తిస్తుందన్న ఆందోళనతో అంబులెన్సు పరిశ్రమ ముందుకు తెచ్చిన 11వ ప్రతిపాదన 2018 నవంబరులో సుమారు 60 శాతం ఓట్లతో నెగ్గింది. అప్పటి నుంచి సిబ్బంది విరామంలోనూ పిలుపుకు అందుబాటులో ఉండాలి. పిలుపు వచ్చి విరామం తెగితే అది లెక్కలోకి రాదు, రాకపోతే విరామం దక్కినట్టే.

చిక్కంతా ఈ చివరి నిబంధనలోనే ఉంది. మనసును కట్టివేసేది వచ్చిన పిలుపు ఒక్కటే కాదు, రాగల పిలుపు కూడా. అన్నం ముందు కూర్చుని చెవిని రేడియోకు అప్పగించినవాడు పిలుపు రానంత మాత్రాన విశ్రమించాడనడం న్యాయం కాదు.

సడలింపు ఎంత మేరకు చెల్లుతుందన్న ప్రశ్నకు ఒక పాత కథ దారి చూపుతుంది. ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుడు, పంటలు నాశనమైన కురుదేశంలో, మావటివాడు తింటున్న గుగ్గిళ్లను ఎంగిలివని తెలిసీ అడిగి తిన్నాడు. ఆ వెంటనే అతడిచ్చిన నీళ్లను మాత్రం ఎంగిలివని నిరాకరించాడు. గుగ్గిళ్లు తినకపోతే బతికేవాడు కాదు, నీళ్లు కోరినచోట దొరుకుతాయి. ఆపద్ధర్మం, అంటే ఆపద వేళ మాత్రమే చెల్లే సడలింపు, ఆపద ఉన్నంత మేరకే సాగుతుందని ఇంతకంటే సూటిగా చెప్పిన కథ అరుదు. గుండె ఆగిన రోగి కోసం ముద్ద వదిలి లేవడం గుగ్గిళ్ల వంటిది. వంతులవారీగా కొందరినైనా పూర్తిగా విడిచిపెట్టగలిగినన్ని బండ్లూ మనుషులూ లేకపోవడం అటువంటిది కాదు. అది ముందే ఎరిగి సరిదిద్దగల కొరత. చాలినన్ని అంబులెన్సులు నడపాలని 11వ ప్రతిపాదనతో వచ్చిన చట్టమే సంస్థలను ఆదేశించడం ఇందుకు ఒప్పుకోలు.

యూదుల మిష్నా, అంటే సామాన్యశకం 200 ప్రాంతంలో కూర్చిన ధర్మనిర్ణయాల సంకలనం, ఇంకో మెట్టు ఎక్కింది. సబ్బాతు అనే వారపు విశ్రాంతి దినాన ఊరి హద్దు దాటి రక్షణకు వెళ్లినవారు తిరిగి తమ చోటికి చేరుకోవచ్చునని అది అనుమతించింది. రక్షించినవాడు ఆ తరువాత ఏమవుతాడన్న చింత ఆ నియమంలో ఉంది. తెగిన విరామాన్ని లెక్కించరాదన్న కాలిఫోర్నియా నిబంధన ఈ చింతకు దగ్గరగానే ఉంది. అయితే అదే చట్టం అప్పటికే నడుస్తున్న దావాలకూ వర్తించేలా రాయబడి, గతంలో దక్కని విరామాలకు రావలసిన పరిహారాన్ని ఎగవేసేందుకు దారి తెరిచింది. ఏ రోగి అవసరాన్నీ తీర్చని ఆ అంశాన్ని ఆపద్ధర్మమని సమర్థించడం సాధ్యం కాదు.