పోషించే చేతికి గల బాధ్యత

ఒక ప్రాణిని పోషించడమూ, దానిని ప్రేమించడమూ ఒకటేనా? ఈ ప్రశ్న కొత్తది కాదు. పంజరంలో చిలుకను చూసిన ప్రతి తరమూ వేసుకున్నదే. అయితే భిలాయిలో ఒక మిత్రుని ఇంట గడిపిన సాయంత్రం అది నాకు కొత్త రూపంలో ఎదురైంది.

భిలాయి ఉక్కునగరం. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కొలిమిని నమ్ముకుని శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివెళ్లాయి. వారు అక్కడ వేళ్లూనుకున్నారనడానికి సెక్టారు 5లోని బాలాజీ ఆలయమే సాక్ష్యం. నా మిత్రుని తండ్రి కూడా అలా భీమునిపట్నం తీరాన్ని విడిచి వచ్చినవారే. మిత్రుడు ఆ కర్మాగారంలోనే పనిచేసి పదవీ విరమణ చేశారు.

ఆయన ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టె ఉంది. నారింజరంగు ఒంటిపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపలు అందులో తిరుగుతున్నాయి. సముద్రానికి ఎన్నో వందల కిలోమీటర్ల దూరాన లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణం కలిపి, బయట ఎండ 45 డిగ్రీలకు చేరుతున్నా నీటిని 26 డిగ్రీలు దాటనీయకుండా ఆయన కాపాడుకుంటున్నారు. ఒక వేసవి గాలివానకు రాత్రంతా విద్యుత్తు ఆగిపోయింది. తెల్లవారేసరికి సగం చేపలు పైకి తేలాయి. వాటిని పెరటిలో పూడ్చిన తరువాత రెండు రోజులు తనకు అన్నం సహించలేదని చెప్పి, కొంతసేపు మౌనంగా ఉండి, "పగడాలు కూడా పెంచాలని ఉంది. తప్పంటారా?" అని అడిగారు.

పగడాల విషయంలో సమాధానం సులభం. నవరత్నాలలో లెక్కించి ఉంగరంలో పొదుగుకున్నాం కనుక పగడాన్ని రాయిగా భావించడం మనకు అలవాటు. నిజానికి పగడపు దిబ్బ కోట్లాది సూక్ష్మప్రాణులు తరతరాలుగా కట్టుకున్న నగరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. ఇంటి అలంకారానికి వాటిని తేవడం నేరం. ఇంతవరకు అధికారిగా చెప్పగలిగాను.

చేపల విషయంలో చట్టం అంత స్పష్టంగా పలకదు. ఇళ్లలో పెంచే మంచినీటి చేపలలో అధికభాగం చెరువులలో, తొట్టెలలో పుట్టినవే. సముద్రపు రంగుచేపలలో ఎక్కువ భాగం మాత్రం ఇప్పటికీ దిబ్బలనుండి పట్టినవే. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుండి సైనైడు చల్లి చేపలను మత్తెక్కించి పట్టే పద్ధతి వ్యాపించింది. చేపతోపాటు చుట్టూ ఉన్న పగడమూ దెబ్బతింటుంది. కొన్నవాని ఇంటికి చేరేది అందం మాత్రమే. దాని వెల మరొక తీరం చెల్లిస్తుంది.

చరిత్ర విద్యార్థిగా ఇక్కడ రెండు ఉదాహరణలు గుర్తుకు వస్తాయి. అశోకుడు తన ఐదవ స్తంభశాసనంలో చంపరాని జీవులను పేర్కొంటూ కొన్ని చేపలను కూడా చేర్చాడు. కొన్ని పుణ్యదినాలలో చేపలను చంపడాన్ని, అమ్మడాన్ని నిషేధించాడు. ఒక జీవిని మరొక జీవికి మేతగా వేయరాదన్నాడు. రెండవది ఇంగ్లండుకు సంబంధించినది. ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1854లో అక్వేరియంపై గ్రంథం ప్రకటించాడు. సముద్ర జీవులపై గాఢమైన ప్రేమతో రాసిన ఆయన పుస్తకాలు చదివి జనం తీరాలపై పడి, రాతిమడుగులలోని జీవులను ఊడ్చుకుపోయారు. ఆ విధ్వంసాన్ని ఆయన కుమారుడు ఎడ్మండ్ 1907 నాటి తన స్మృతిగ్రంథంలో వేదనతో నమోదు చేశాడు. రాజు తన అధికారానికి తానే హద్దు గీసుకున్నాడు. శాస్త్రజ్ఞుని ప్రేమకు హద్దు గీసేవారు లేకపోయారు. ద్వేషం వల్లనే నాశనం జరుగుతుందనుకోవడం పొరపాటు.

అయితే నిర్బంధమంతా అధర్మమని కూడా అనలేము. ఫ్లోరిడా తీరంలో 2014లో బయటపడిన వ్యాధికి పగడాలు వేగంగా నశిస్తుండగా, ఆరోగ్యంగా ఉన్నవాటిని సేకరించి, సముద్రమే లేని రాష్ట్రాల అక్వేరియంలలో సైతం భద్రపరిచారు. అక్కడా గాజుగోడలే ఉన్నాయి. కాని ఆ నిర్బంధం పగడం కోసం జరిగింది, చూసేవాని వినోదం కోసం కాదు. ఎవరి మేలు కోసమన్నదే గీటురాయి.

మిత్రునితో చెప్పడానికి సంకోచించిన మాట మరొకటి ఉంది. ఖనిజం నుండి ఇనుమును వేరుచేసే కొలిమిలో కోక్ మండుతుంది. బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆ వాయువు వల్ల భూమితోపాటు సముద్రమూ వేడెక్కుతోంది. వేడి హెచ్చితే పగడం తనకు ఆహారమిచ్చే శైవలాలను వెళ్లగొట్టి తెల్లబారుతుంది. 2024లో లక్షద్వీప్‌లో అదే జరిగింది. తొట్టెలో ఒక్క డిగ్రీ పెరిగితే నిద్రపట్టని మనం సముద్రంలో పెరిగిన డిగ్రీని లెక్కలోకి తీసుకోము. ఉక్కు లేనిదే దేశం లేదు. ఆ వంతెనల మీదనే, ఆ పట్టాల మీదనే మనమంతా నడిచాము. అందుచేత ఈ దోషం ఒక కార్మికునిది కాదు, మనందరిదీ. అందరిదీ కనుక ఎవరిదీ కాకుండా పోతుందేమోనన్నదే భయం.

సంకోచిస్తూనే చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "మా నాన్నగారు తన ఇష్టంతో సముద్రాన్ని వదిలి వచ్చారు. వీటిని ఎవరూ అడగలేదు" అన్నారు.

పగడాల ఆలోచనను ఆయన విరమించుకున్నారు. మిగిలిన చేపలను తిరిగి సముద్రంలో వదలడం కూడా తగదు. తొట్టెలోని రోగాలు అక్కడికి చేరవచ్చు. ఇక కొత్తవి కొనరు. ఒకవేళ కొన్నా, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతులలో హేచరీలలో పుట్టినవే తీసుకుంటారట. క్లౌన్ చేప పదేళ్లకు పైగా బతకగలదు. అంతకాలమూ అవి ఆయన బాధ్యతే. నేను బయలుదేరే వేళకు, విద్యుత్తు పోయినా పంపు ఆగకుండా తెచ్చిన కొత్త బ్యాటరీని ఆయన తొట్టె కింద అమరుస్తున్నారు. స్వామ్యం కొన్ననాటితో ముగుస్తుంది. బాధ్యత ఆనాడే మొదలవుతుంది.