తీరిక గల చూపు

సెనెగల్ నదీముఖమున 1659లో ఫ్రెంచివారు నెలకొల్పిన సెయింట్ లూయీ పట్టణమునకు దంపతులిద్దరు మూడు దినముల విడిదికై వచ్చిరనుకొందము. గుఱ్ఱపుబండిలో మెల్లగా తిరిగిరి; 1897 నాటి ఇనుపవంతెనపై నిలిచి ప్రవాహమును చూచిరి. తొందరపడని యాత్రికుడు స్థలమును ప్రేమించునందురు. నిజమేనా? యెరికో త్రోవలో యాజకుడు తొందరలో నుండెనని సువార్త చెప్పదు.

2003లో వరదనుండి పట్టణమును కాపాడుటకై ఇసుకతిన్నెకు అడ్డముగా 4 మీటర్ల వెడల్పున కాలువ త్రవ్విరి. సముద్రము దానిని కిలోమీటర్ల మేర చీల్చి, పల్లెను మ్రింగెను. త్రవ్వినవారును మేలే కోరిరి. గాని మునిగినవారి మాట ముందుగా ఎవరడిగిరి? తీరిక కన్నులకు కాంతినిచ్చును, చెవులను మాత్రము తెరువదు.

గెట్ న్దార్ జాలరిపేటలో కూలిన గోడలను ఛాయాచిత్రము తీయబోయిన భర్తను భార్య వారించెను. చేపలెండబెట్టుచున్న స్త్రీయొకతె జరిగి, ఆమెకు చోటిచ్చెను.