ముందే తెలిస్తే ఎవరి బాధ్యత?

గర్భిణి రక్తం పరీక్షించి, ఈమెకు నెలలు నిండకుండానే కాన్పు అయ్యేలా ఉందని ముందుగా చెప్పగలిగితే మంచిదేగా? చాలామంది వెంటనే అవుననేస్తారు. కానీ తెలియడం వేరు, తెలిసినదాన్ని మోయడం వేరు. ఆ మోత ఎవరి మీద పడుతుందన్నదే అసలు ప్రశ్న.

37 వారాలు నిండకుండా పుట్టిన పిల్లలు 2020లో ప్రపంచమంతటా సుమారు 1 కోటీ 34 లక్షల మంది. వాళ్లలో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. తల్లి రక్తంలో తిరిగే ఆర్‌ఎన్‌ఏ తునకలతో ఈ ముప్పును పసిగట్టవచ్చని స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త స్టీఫెన్ క్వేక్ బృందం 2018లో ప్రకటించింది. వాళ్లు పరిశీలించింది కొద్దిమంది స్త్రీలనే. రెండు ప్రొటీన్ల నిష్పత్తిని కొలిచే రక్తపరీక్ష ఒకటి అమెరికాలో ఇప్పటికే అమ్మకంలో ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. వెయ్యిమంది గర్భిణుల్లో వందమందికి ముందే కాన్పు అవుతుందనుకుందాం. పరీక్ష ఆ వందలో ఎనభైమందిని పట్టుకుంటుంది, మిగతా తొమ్మిదివందల్లోనూ నూటికి ఎనభైమందికి భయం లేదని సరిగ్గానే చెబుతుంది అనుకుందాం. వినడానికి గట్టి పరీక్షే. అయినా "ముప్పు ఉంది" అన్న చీటీ 260 మంది చేతికొస్తుంది. వాళ్లలో 180 మందికి నెలలు నిండాకే కాన్పవుతుంది. ఆ నెలలన్నీ వాళ్లు ఎలా నిద్రపోవాలి?

పోనీ, ముప్పు నిజమే అనుకుందాం. ఏం చేస్తారు? ముందస్తు కాన్పును ఆపుతుందని అమెరికాలో 2011లో అనుమతి పొందిన మకేనా అనే ఇంజెక్షన్‌ని, ఫలితం రుజువు కాలేదని 2023లో వెనక్కి తీసుకున్నారు. మంచం దిగకుండా పడుకుంటే కాన్పు ఆగుతుందనడానికీ రుజువు లేదు. అయినా "రెస్టు తీసుకోమ్మా" అనేస్తారు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంట్లో ఆ మాటకు అర్థమేమిటి? రేపు బిడ్డ తొందరపడి పుడితే, "ముందే చెప్పారుగా, విన్నదా?" అంటారు.

ఇది మనకు కొత్తేం కాదు. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి "గ్రహణం మొర్రి" అంటాం. గ్రహణం వేళ తల్లి బయటికొచ్చిందన్న నింద ఆ పేరులోనే ఉంది. రక్తపరీక్ష అంకె కూడా అలాంటి మరో గ్రహణం కాకూడదు.

అలాగని తెలియకపోవడమే మేలని కాదు. తన రక్తం చెప్పే సంగతి తెలుసుకునే హక్కు ఆమెదే, వద్దనే హక్కూ ఆమెదే. పనికొచ్చే దారులూ ఉన్నాయి. ముందస్తు కాన్పు దగ్గరపడ్డప్పుడు తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేస్తుందని న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ 1972లోనే చూపారు. బిడ్డను ఒంటికి హత్తుకుని కాచే కంగారూ పద్ధతి 1978లో బొగోటాలో మొదలైంది. రక్తపరీక్ష కాన్పు రోజును చెప్పలేకపోవచ్చు. కానీ ఏజెన్సీ గూడెంలోని గర్భిణి చివరి వారాల్లో ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రికి దగ్గరగా ఉండాలో ముందే ఆలోచించుకునే వీలిస్తుంది.

అయితే అక్కడ వార్మర్ ఉండాలి, నర్సు ఉండాలి, అన్నాళ్లు ఆమెకు కూలి నష్టపోకుండా చూసే ఏర్పాటు ఉండాలి. ఇవేవీ ఆమె చేతిలో లేవు. కాబట్టి "ముప్పు ఉంది" అని రాసిన చీటీ మొదట చేరాల్సింది వాటిని సమకూర్చాల్సినవాళ్లకి. ఆమెకు ఇచ్చేటప్పుడు, మేమేం చేస్తామో కూడా అదే చీటీలో రాసివ్వాలి.