జాతి, ఆకృతి, నామము

తల్లి చంకనున్న పసివాడు పెరటిలోని నల్లయావును చూచును. ‘ఆవు’ అని తల్లి చెప్పును. మరునాడు వీధిని పోవు తెల్లయావును చూచి ఆ బిడ్డ తానే ‘ఆవు’ అని కేకవేయును. రంగు వేఱు, కొమ్ముల తీరు వేఱు. అయినను పేరొక్కటే యెట్లు చెల్లినది? రెండింటియందును సమానముగా నున్న దేది? చిన్నదిగా తోచు నీ ప్రశ్నపై భారతీయ దార్శనికులు శతాబ్దముల తరబడి వాదించిరి. మానవుడు పలుకు మాట సత్యమైన వస్తువును చేరునా, చేరదా అనునదే ఆ వాదసారము. నామసంకీర్తనమే తరణోపాయమని నమ్మిన భక్తునకు ఇది కేవలము పండితవినోదము కాదు.

న్యాయవైశేషికులు ‘సామాన్యము’ అను నొక ప్రత్యేక పదార్థము నంగీకరించిరి. వారి మతమున గోత్వము నిత్యము, ఏకము; అనేక వ్యక్తులయందు సమవాయసంబంధముచే నుండునది. ఆవులు పుట్టును, గిట్టును. గోత్వము మాత్రము నశింపదు. అట్లని పేరున్న ప్రతిదానికిని జాతి యుండవలెనను నియమము లేదు. ఉదయనాచార్యులు కిరణావళియందు జాతిబాధకములు ఆఱింటిని చెప్పిరి. వ్యక్తి యొక్కటియే యైనచో జాతి యుండదనునది వానిలో మొదటిది. ఆకాశ మొక్కటియే గనుక ఆకాశత్వము జాతి కాదు.

బౌద్ధులు ఈ సామాన్యమును త్రోసిపుచ్చిరి. సత్యమైనది వ్యక్తి మాత్రమే. ‘గోవు’ అను మాట గోవు కానిదానిని తొలగించుటయే కాని, గోత్వమను వస్తువును బోధింపదని దిఙ్నాగుడు ప్రమాణసముచ్చయమున అపోహవాదమును నిలిపెను. ఈ వాదము తెలుగునేలకు క్రొత్తది కాదు. 7వ శతాబ్దమున ఆంధ్రదేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, పండితులు వేంగిగా గుర్తించిన రాజధానికి సమీపమున నొక కొండను పేర్కొని, దిఙ్నాగుడు హేతువిద్యాగ్రంథమును రచించిన చోటు అదియే యని వ్రాసియున్నాడు.

ఈ రెండు మతముల నడుమ భగవద్రామానుజులు సుగమమైన మార్గమును చూపిరి. గంగడోలు మొదలగు అవయవముల కూర్పునకు ‘సంస్థానము’ అని పేరు. ఆ సంస్థానమే జాతి. దానికంటె వేఱుగా గోత్వమను పదార్థము లేదని శ్రీభాష్యమున వారు నిరూపించిరి. మొదటి గోవును చూచినప్పుడే ఆ యాకృతి కనబడును. కాని అది పెక్కింటియందు అనువర్తించునని అప్పుడు తెలియదు. రెండవదానిని, మూడవదానిని చూచినప్పుడు తెలియును. మొదటి జ్ఞానము నిర్వికల్పకము, తరువాతిది సవికల్పకము. వేదాంతదేశికులును అద్రవ్యములను పదిగా లెక్కించి, వానిలో సామాన్యమునకు స్థాన మీయలేదు. అట్లని జాతి కల్పితము కాదు. ప్రతి గోవునందును ఆ యాకృతి నిజముగా నున్నది. ఒకదాని యాకృతి మఱియొకదాని యాకృతిని చక్కగా పోలియున్నది. కావుననే పేరు చెల్లుచున్నది.

భక్తికి ద్వారము ఇచ్చటనే తెఱచుకొనును. ఆకృతి వస్తువును విడిచి యుండజాలదు. కావున ‘గోవు’ అను శబ్దము ఆకృతితో నాగక, ఆకృతిగల వస్తువును చెప్పును. అట్లే శరీరము ఆత్మను విడిచి నిలువజాలదు. కావున ‘మనుష్యుడు’ అను శబ్దము దేహముతో నాగక, లోనున్న జీవుని చెప్పును. ఆ జీవుడు పరమాత్మకు శరీరము. కావున ఆ శబ్దము జీవునితోను ఆగక, అంతర్యామియగు శ్రీమన్నారాయణునియందు పర్యవసించును. తిరుమలలో శ్రీనివాసుని సన్నిధిని రామానుజు లుపన్యసించినదిగా సంప్రదాయము చెప్పు వేదార్థసంగ్రహమున ఈ యర్థము విశదముగా నున్నది.

దీనినుండి గృహస్థుడు గ్రహింపవలసినది యొకటి కలదు. జాతి యనగా ఆకృతి. ఆకృతి దేహమునకు చెందినది. గీత ఐదవ అధ్యాయమున భగవానుడు బోధించిన సమదర్శనమునకు రామానుజులు చెప్పిన అర్థము ఇదియే. కనబడు వైషమ్యము ప్రకృతిది, ఆత్మది కాదు. ఆత్మలన్నియు జ్ఞానమే స్వరూపముగా గలవి గనుక సమానములు.

కొండమెట్లెక్కు యాత్రికుడు తన ముందు నడచువానిని చూచి ‘వీడు ఫలానా జాతివాడు’ అని తలచి ముఖము త్రిప్పుకొనినచో, వాని పేరును దేహముకడనే ఆపివేసినవా డగును. గోవిందనామము నోట నుండగనే గోవిందుని శరీరమైన జీవుని తిరస్కరించినవా డగును. ఆ పేరును కడవఱకు పోనిచ్చినచో అది వానిలోని స్వామిని చేరును. పెరటిలో ఆవును పిలిచినను, ఇంట బిడ్డను పిలిచినను, వాకిట నిలిచిన అతిథిని పిలిచినను, ఆ పిలుపు కడకు చేరునది ఆ శ్రీనివాసునే యని యెఱిగి పలుకువాని వాక్కు ధన్యము.